మానుకోట పంచు టైలర్

ఈ నాలుగు పేజీలు రాయాల్సిన అవసరం ఎందుకు వచ్చిందో ముందు చెబుతాను. మొన్న వానాకాలంలో ఆయన పోయాడు. దినాలు కూడా కాకముందే, మానుకోట స్టేషన్ రోడ్డు మీది హోటల్లో ఇద్దరు చాయ తాగుతూ మాట్లాడుకోవడం విన్నాను.

"పంచు టైలర్ లేడా, మందుల దుకాణపాయనకు అమ్ముడువోయి కోర్టుల మాట మార్చిండు సూడు, గాయిన సచ్చిపోయిండట."

"అవునా? పాపం" అన్నాడు రెండోవాడు, బిస్కెట్టు చాయలో ముంచుకుంటూ.

అంతే. ఒక మనిషి బతికినంత కాలం బతికి, చివరికి ఊళ్లో మిగిలేది ఈ ఒక్క ముక్క అయితే అది అన్యాయం. ఆయన అమ్ముడుపోలేదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. అది తెలిసినవాళ్లు ఎక్కువమంది లేరు కాబట్టి రాస్తున్నాను.

ఆయన పేరు రాయడం లేదు. ఆయన భార్యను నేను వదినా అని పిలుస్తాను. అడిగితే ఆమె వద్దంది. "పేరు కాయితం మీదికెక్కితె మల్ల కోర్టుకు పిలుస్తరేమో చెల్లె. సచ్చినోన్ని గూడ పిలుస్తరు వాళ్లు" అంది. ఆమె భయం చూసి నవ్వు రాలేదు నాకు.

నాది జిరాక్స్ దుకాణం. ఆయన కుట్టుమిషన్, నా జిరాక్స్ మిషన్ ఒకే రేకుల షెడ్డు కింద, మధ్యలో ఒక ప్లైవుడ్ చెక్క అడ్డంగా. నేను ఇంటర్ తప్పి చదువు ఆపేశాను. ఆ తరువాత నాకు వచ్చిన చదువంతా మా ఊరి గ్రంథాలయం పెట్టిన భిక్ష. పోటీ పరీక్షల పిల్లలు ముట్టుకోని పుస్తకాలన్నీ నేను ముట్టుకున్నాను. కిటికీ పక్క బీరువాలో చట్టాల పుస్తకాలుండేవి. కోర్టు కాగితాలు జిరాక్స్ తీసే చేతికి, ఆ కాగితాల్లో ఏముందో తెలుసుకోవాలన్న కోరిక పుట్టడం సహజమే కదా. ఆయన నన్ను పేరుతో పిలిచేవాడు కాదు. పొద్దున షట్టర్ ఎత్తగానే ప్లైవుడ్ అవతలి నుంచి గొంతు వినిపించేది.

"ఏం లైబ్రరీ! ఇయ్యాల ఏం సదివినవ్? మాకు గూడ జర వెట్టు, నువ్వొక్కదానివే తింటవా?"

మనిషి సన్నగా ఉండేవాడు. మెడలో టేపు ఎప్పుడూ వేలాడేది. పెళ్లికి పిలిస్తే పెళ్లికి కూడా ఆ టేపుతోనే వచ్చేవాడు, తీసెయ్యమంటే "మెడ బోసిపోతది" అనేవాడు. గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుని, వాటి సందుల్లోంచే మాట్లాడేవాడు. తండాల నుంచి వచ్చే ఆడవాళ్లతో వాళ్ల భాషలోనే బేరమాడి, వాళ్ల భాషలోనే తిట్లు తినేవాడు. ఎవరైనా లావైతే లావయ్యావని అనేవాడు కాదు. జాకెట్టు పట్టడం లేదని గొడవకొచ్చిన ముసలామెతో "నువ్వేం పెరగలే అవ్వా. బట్టనే జర సిగ్గుపడి ముడుసుకున్నది" అంటే, ఆమె నవ్వి, కుట్లు విప్పించుకుని పోయింది.

ఆయనకు పంచు టైలర్ అన్న పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం చట్టం చెప్పాలి. నిద్రమాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు, కొన్ని దగ్గుమందులు మత్తుకు అలవాటు చేస్తాయి. వాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఎంత సరుకు వచ్చింది, ఎవరికి పోయింది అని దుకాణంవాళ్లు రాసి ఉంచాలి. మందుల శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ లెక్క అడగవచ్చు, గదులు చూడవచ్చు, అనుమానం ఉన్న సరుకును స్వాధీనం చేసుకోవచ్చు. అధికారం పెద్దదే. అందుకే దానికి ఒక కళ్లెం కూడా పెట్టారు. సోదా చేసేటప్పుడు ఆ వాడలోనే ఉండే, ఎవరి పక్షమూ కాని మనుషులు ఎదురుగా ఉండి చూడాలి. వాళ్లే పంచులు. ఏది ఎక్కడ దొరికిందో వాళ్ల ముందే రాసి, వాళ్లతో సంతకం పెట్టించుకోవాలి. దొరికిన సరుకును తెల్లబట్టలో పెట్టి కుట్టి, కుట్టు మీద లక్క కరిగించి ముద్ర వేయాలి.

కుట్టాలంటే టైలర్ కావాలి. మా బజారులో మందుల దుకాణాలకు దగ్గరున్న టైలర్ ఈయనే. ఎలాగూ వచ్చావు కదా, సంతకం కూడా పెట్టిపో అన్నారు మొదటిసారి. అలా అలవాటైపోయింది. ఎక్కడ సోదా అయినా ముందు ఈయన దగ్గరకే మనిషి వచ్చేవాడు.

ఆయన దాన్ని ఆషామాషీగా తీసుకోలేదు. దుకాణం గడప బయటే నిలబడి తన అంగీ జేబులు, లాగు జేబులు తిరగేసి చూపించేవాడు. తరువాత ఇన్‌స్పెక్టరు వైపు చూసేవాడు. ఒకసారి కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన కుర్ర ఇన్‌స్పెక్టరుకు కోపం వచ్చింది.

"ఏంటయ్యా నువ్వు? నా జేబులు నువ్వు వెతుకుతావా?"

"నేను ఎతుక సార్. మీరే సూపియ్యున్రి. రేపు కోర్టుల ఆ గోలీలు మీ జేబులకెళ్లే వచ్చినయని వకీలు అంటె, లేదని జెప్పేటోన్ని నేనే గద?"

ఆ కుర్రాడు నవ్వేసి జేబులు తిరగేశాడు. ఒక దువ్వెన, సగం కొరికిన పల్లీపట్టీ బయటపడ్డాయి. బజారంతా నవ్వింది. "పల్లీపట్టీ గూడ రాసుకోన్రి సార్, సర్కారుది పోతే మంచిది గాదు" అన్నాడు ఈయన. ఆ ఇన్‌స్పెక్టరు ఇక్కడున్నంత కాలం ఆయన దగ్గరే బట్టలు కుట్టించుకున్నాడు.

సోదా నడుస్తున్నంతసేపూ ఇన్‌స్పెక్టరు వెనకాలే ప్రతి గదిలోకీ వెళ్లేవాడు. కాగితం మొత్తం చదివి వినిపించమనేవాడు. అప్పుడు సూదిపోటు తగలకుండా అంగుస్తానా తొడిగిన వేలితో కుడికంటి కింద ఒకసారి తాకి, "సూసిన" అని సంతకం పెట్టేవాడు. దుకాణంవాళ్లకూ ఆయన ఉంటే ధైర్యం. లేనిది ఉన్నట్టు రాయనివ్వడని. అధికారులకూ ధైర్యమే, ఉన్నది లేదని అనడని.

మాకు ఎదురుగా రోడ్డు అవతల ఒక మందుల దుకాణం ఉండేది. అక్కడ చీటీ లేకుండా నిద్రమాత్రలు దొరుకుతాయని బజారులో అందరికీ తెలుసు. ఒక పెళ్లిళ్ల కాలంలో దాని మీద సోదా జరిగింది. వచ్చిన బృందం కొత్తది, మా పద్ధతి వాళ్లకు తెలియదు. ముందు లోపలికి వెళ్లిపోయారు. అంతా అయ్యాక, పంచులు కావాలి, బట్ట కుట్టాలి అని గుర్తొచ్చి మనిషిని పంపారు. అప్పుడు ఈయన మిషన్ మీద నెల్లికుదురు పెళ్లికూతురి జాకెట్టు ఉంది. పెళ్లికూతురి తండ్రి బస్సు పోతుందని నెత్తిమీద నిలబడి ఉన్నాడు. అది ముగించి రోడ్డు దాటేసరికి మాత్రల అట్టలు దుకాణం ముందు బల్లమీద కుప్పగా పోసి ఉన్నాయి. పక్క హోటల్ యాకయ్యను రెండో పంచుగా పిలిచారు. ఆయన కూడా అప్పుడే చాయ గ్లాసుల పళ్లెంతో వచ్చి నిలబడ్డాడు.

"ఏడ దొరికినయ్ సార్?" అని అడిగాడట ఈయన.

"వెనక గదిలో, మంచం కింద. అన్నీ రాసినం. నువ్వు కుట్టు."

వెనక గది తలుపు వైపు చూశాడట. అది దగ్గరగా వేసి ఉంది. కుట్టాడు. కాగితం చదివించుకోకుండా సంతకం పెట్టాడు. ఇంకో రెండు జాకెట్లు ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి.

తిరిగొచ్చాక "అయిందా అన్నా?" అని అడిగాను.

"అయింది" అన్నాడు. మళ్లీ కాసేపటికి ప్లైవుడ్ అవతలి నుంచి "ఇయ్యాల కాలు ఆలస్యమైంది, చెయ్యి తొందరపడ్డది లైబ్రరీ" అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. అడగలేదు కూడా.

ఆ దుకాణపాయన బెయిల్ మీద వచ్చి మళ్లీ షట్టర్ ఎత్తాడు. కేసు కోర్టులో పడి నడుస్తూనే ఉంది.

మా టైలరన్నకు ఒక అక్క, కొమురమ్మ. నెల్లికుదురు దగ్గర ఉంటుంది. మగడు చిన్నతనంలోనే పోతే మిరపతోటల్లో కూలికి పోయి ఒక్క కొడుకును పెంచుకుంది. ఆ కొడుకు భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్ నడిపేవాడు. పగలూ రాత్రీ తేడా లేని డ్యూటీ. నిద్ర పట్టడం లేదని ఎవరో ఒక గోలీ ఇచ్చారు. తరువాత గోలీ లేకపోతే పట్టని స్థితి వచ్చింది. సెలవు మీద తల్లి దగ్గరికి పోతూ మానుకోటలో దిగేవాడు. మేనమామ దగ్గర కూర్చునే ముందు రోడ్డు అవతలికి ఒకసారి వెళ్లి వచ్చేవాడు.

"ఏంది అల్లుడా, ఆడికెళ్లి వస్తున్నవ్?"

"తలనొప్పి గోలి మామా. బస్సుల కూసుంటె ఎక్కుతది."

మేనమామ నమ్మాడు. ఆ పిల్లవాడి అంగీలన్నీ ఆయన కుట్టినవే. నిలబెట్టి భుజాలు కొలిచి, "ఏంది, పోయినసారికి ఇప్పటికి సగమైనవ్, బొగ్గు తింటున్నవా అన్నం తింటున్నవా?" అని వేళాకోళం చేసేవాడు. ఒక పొద్దున భూపాలపల్లిలో అద్దె గదిలో ఆ పిల్లవాడు నిద్ర లేవలేదు. సంచీలో, మేనమామ కుట్టిన అంగీల కింద, మాత్రలు తీసేసిన ఖాళీ అట్టలు దొరికాయి.

ఆ చావు తరువాత కొన్నాళ్లకు ఆయనకు సమన్లు వచ్చాయి, ఎదురు దుకాణం కేసులో సాక్ష్యం చెప్పమని.

కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. పెదవుల మధ్య సూదులు లేకుండా ఆయన ముఖం కొత్తగా అనిపించింది. "చెల్లె, నీ లైబ్రరీల గిది దొరుకుతదా? కుట్టినోడు సూసినట్టేనా?" అన్నాడు. ఆయన నన్ను చెల్లె అనడం అదే మొదలు. అప్పుడే ఆ రోజు సంగతంతా చెప్పాడు.

నేను చదివాను. గ్రంథాలయం మూసేవరకు కూర్చుని చదివాను. వచ్చి చెప్పాను. "అన్నా, సాక్షి తన కంటితో చూసింది, తన చెవితో విన్నది చెప్పాలి. మంచం కింద దొరికాయని వాళ్లు చెప్పగా విన్నావు. తియ్యడం చూడలేదు."

"గా ముచ్చట నాకు ఎరుకే. గట్ల గాదు. ఇంకేమన్న తొవ్వ ఉన్నదా అని."

మళ్లీ వెళ్లి వెతికాను. ఆయనకు కావలసింది ఏమిటో ఆ రెండోసారి నాకు అర్థమైంది. చూశానని చెప్పుకోవడానికి ఏదైనా ఒక పుస్తకం తనకు అనుమతి ఇవ్వాలని ఆయన ఆశ. అలాంటి పుస్తకం దొరికి ఉంటే నేనూ సంతోషించేదాన్నే. లేదని చెబితే తల ఊపి, సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టాడు. చాలాసేపు ఎక్కలేదు.

కోర్టు ముందు వారం కొమురమ్మ అక్క వచ్చింది. మిరపకాయలు ఏరి ఏరి మండే చేతులను తడిగుడ్డలో చుట్టుకుని ఉంది. ఆయన బల్ల మీద కూర్చుంది. ప్లైవుడ్ ఇవతల నాకు అన్నీ వినిపించాయి.

"తమ్మీ, నిన్ను అబద్ధం జెప్పమంటలే. అవి ఆ దుకాణంలయే గద?"

"ఆ దుకాణంలయే అక్క."

"మంచం కిందయే గద?"

"అయ్యే ఉంటయి."

"మరి సూసిన అననీకి నీకు నోరెందుకు వస్తలేదు?"

"సూడలే అక్క."

"నా కొడుకు సచ్చిన గదిల నువ్వున్నవా? లేవు గద. మరి వాడు సచ్చిండని ఎట్ల నమ్మినవ్?"

ప్లైవుడ్ అవతల కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఆ ప్రశ్నకు జవాబు నేను చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు, ఇప్పటికీ.

"ఇన్నేండ్లు ఎవరెవరికో సూసిన సూసిన అని సంతకాలు వెట్టినవ్. నా ఒక్కదాని కాడికి వచ్చేసరికి నీ కండ్లు పోయినయారా?" అంది. అని లేచింది. చాయ తెప్పిస్తే తాగలేదు.

కోర్టుకు నేను కూడా వెళ్లాను. అక్క వెనక బెంచీలో కూర్చుంది. ముందు యాకయ్యను పిలిచారు. ఏమడిగినా "యాది లేదు సార్" అన్నాడు. ఆయనకు యాది లేకపోవడాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. సర్కారు వకీలు ధైర్యమంతా ఇక ఈయన మీదే. తెల్లబట్ట మూట తెచ్చి ముందు పెట్టారు. బట్ట పసుపు రంగుకు తిరిగింది.

"ఈ కుట్టు ఎవరిది?"

ఆయన కుట్టు మీద వేలితో ఒకసారి రాసి చూశాడు. "నాదే సార్."

సర్కారు వకీలు ముఖం తేటపడింది. "ఆ రోజు ఏం చూశావో చెప్పు."

ఆయన వెనక్కి తిరిగి అక్క వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆమె అలా చూస్తూ ఉండగానే చెప్పాడు. "నేను వోయేసరికి బల్ల మీద ఉన్నయ్ సార్. కుట్టుమన్నరు, కుట్టిన. తీసుడు సూడలే."

"నీ ఎదుటే మంచం కింద నుంచి తీశారని రాసి ఉంది. కింద నీ సంతకం ఉంది."

"ఉన్నది సార్. సదివించుకోకుంట పెట్టిన. తప్పయింది."

జడ్జిగారికి కోపం వచ్చింది. "తప్పయిందా? పంచు అంటే ఏమనుకున్నావ్? మీలాంటివాళ్లు చదవకుండా సంతకాలు పెట్టబట్టే కేసులు ఇలా అవుతున్నాయి" అన్నారు. మాట న్యాయమైనదే. జీవితమంతా ప్రతి కాగితం చదివించుకున్న మనిషికి ఆ మాట తగలడమే నేను చూడలేకపోయాను.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. తమ సాక్షే ఇలా వేరేగా చెబితే, అతన్ని ఎదురు తిరిగిన సాక్షిగా రాయించి, సర్కారు వకీలు కోర్టు అనుమతి తీసుకుని ఆయన్నే ఎదురు ప్రశ్నలు అడుగుతాడు. అందులో చివరి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "నువ్వు ముద్దాయితో కుమ్మక్కై అబద్ధం చెబుతున్నావు." సాక్షి కాదంటాడు. "ముద్దాయితో కుమ్మక్కై అబద్ధం చెబుతున్నాననడం నిజం కాదు" అని టైపు చేస్తారు. అది వకీళ్ల ఆనవాయితీ. మాట మార్చాడని అనుకున్న ప్రతి సాక్షిని దాదాపు అలాగే అడుగుతారు. దాని వెనక రుజువు ఉండాల్సిన పని లేదు. ఆ వాక్యం ఉన్న కాగితాలు నా మిషన్ మీద ఎన్నిసార్లు నడిచాయో చెప్పలేను. కానీ ఆ రోజు వెనక బెంచీల్లో కూర్చున్న మా బజారువాళ్లు కోర్టు ఎక్కడం అదే మొదటిసారి. సర్కారు వకీలే అన్నాడంటే నిజం కాకపోతుందా అనుకున్నారు. సాయంత్రానికి "కుమ్మక్కు" అన్న మాట స్టేషన్ రోడ్డు చివరి దాకా వెళ్లింది. మర్నాటికి "అమ్ముడువోయిండు" అయింది. ఇదీ ఆ మాట పుట్టిన చోటు. ఇంకే ఆధారమూ లేదు దానికి.

వరండాలోకి వచ్చాక ఆయన నన్ను అడిగాడు. "చెల్లె, నేను ఎదురు తిరిగిన సాక్షినని రాసుకున్నరు. నేను ఎవలకు ఎదురు తిరిగిన?"

జవాబు చెప్పేలోగా అక్క మా పక్క నుంచి వెళ్లింది. "నా కొడుకును రెండోసారి సాగనంపినవ్ తమ్మీ" అంది, గొంతు పెంచకుండా. వదిన ఆమె కోసం కట్టి పంపిన అన్నం గిన్నె ఆయన చేతిలో ఉంది. దాన్ని పట్టుకుని గేటు దాకా వెంటపడ్డాడు. ఆమె తీసుకోలేదు. బస్సెక్కింది.

కేసు నిలబడలేదు. అధికారుల సాక్ష్యం ఒక్కటే నమ్మదగ్గదైతే శిక్ష వేయవచ్చని కొన్ని తీర్పులున్నాయని నేను చదివాను. ఈ కేసులో అది సరిపోలేదు. దుకాణపాయన నిర్దోషిగా బయటికొచ్చాడు.

వచ్చి ఊరుకున్నా బాగుండేది. తీర్పు వచ్చిన వారంలోనే ఖరీదైన అంగీ బట్ట పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. సంత రోజు, బజారు నిండా జనం.

"అన్నా, నీ మేలు మరువ. నా అంగీ ఇంకెవలతోని కుట్టియ్య. కొలత తీస్కో" అన్నాడు, అందరికీ వినపడేలా.

ఆయన మిషన్ ఆపాడు. మెడలో టేపు ఉంది. దాని మీద చెయ్యి వెయ్యలేదు.

"నేను నీకు మేలు జెయ్యలే. నీ దుకాణం సంగతి నాకు ఎరుక లేదనుకోకు. నా అల్లుడు నీ దగ్గరకెళ్లే కొనుక్కపోయిండు. బట్ట తీస్కపో."

"కోపమెందుకన్నా, నిజం జెప్పినవ్ గద!"

"నిజమే జెప్పిన. నీ కోసం జెప్పలే. పో."

ఇంత స్పష్టంగా అన్నాడు. అయినా చూసినవాళ్లకు గుర్తుండిపోయింది ఆ కొత్త బట్టే. లోపాయికారీగా ఏదో లేకపోతే అంగీ బట్ట ఎందుకు తెస్తాడని అన్నారు.

ఆ తరువాత ఎవరూ ఆయనను పంచుగా పిలవలేదు. సర్కారు ఉద్యోగులనే వెంటబెట్టుకుని వచ్చేవారు. సోదా జీపు బజారులోకి వస్తే ప్లైవుడ్ అవతల మిషన్ చప్పుడు ఆగిపోయేది. జీపు వెళ్లేదాకా మళ్లీ మొదలయ్యేది కాదు. నా చదువు గురించి వేళాకోళం కూడా మానేశాడు. నేనే పుస్తకం పట్టుకుని వెళ్లి, "ఇయ్యాల ఏం చదివినవ్ అని అడుగవేందన్నా?" అంటే, "సదువు తల్లీ, సదువు" అనేవాడు.

రాఖీ పున్నమికి అక్క రాలేదు. ఆయనే నెల్లికుదురు వెళ్లాడు. ఆమె వాకిట్లో కుర్చీ వేసింది. చెంబుతో నీళ్లిచ్చింది. తను చేనుకు వెళ్లిపోయింది. ఆయన పొద్దు వాలేదాకా కూర్చుని, ఉత్త చేతితో తిరిగొచ్చాడు. మరుసటేడు కూడా అంతే. ఆ మరుసటేడూ అంతే. ఒక్కసారీ మానలేదు. వచ్చి నాతో చెప్పేవాడు, ఏదో శుభవార్త చెప్పినట్టు.

"నీళ్లిచ్చింది చెల్లె. చెంబు తోమి ఇచ్చింది."

"ఎందుకన్నా పోవుడు? ఆమె కడుతలేదు గద" అని ఒకసారి అన్నాను.

"ఆమె కట్టకపోవుడు న్యాయమే. నేను పోకపోవుడు న్యాయం గాదు" అన్నాడు. ఆ రెండూ ఎలా కలిసి నిలబడతాయో నేను అడిగాను. ఆయన బట్ట మీద సుద్దతో గీత గీసుకుంటూ ఉండిపోయాడు.

మొన్న వానాకాలంలో జనగామలో ఉన్న బిడ్డ ఇంటికి పోయాడు. ఛాతీలో మంట అన్నాడట. దవాఖానకు ఆటో మాట్లాడేలోపే అయిపోయింది. మానుకోటకు తెచ్చారు.

అక్క వచ్చింది. ఇంట్లోకి పోలేదు. ఎదురింటి మెట్టు మీద కూర్చుంది. శవాన్ని లేపాక అందరి వెనకాల నడిచింది. రైలు గేటు వేసి ఉంది. బొగ్గు వ్యాగన్ల బండి ఒకటి చాలాసేపు పోయింది. అంతసేపూ పాడె మోసేవాళ్లు భుజాలు మార్చుకుంటూ నిలబడ్డారు. గేటు లేచింది. అందరూ దాటారు. ఆమె ఇవతలే ఆగిపోయింది. నేను పక్కన నిలబడ్డాను. కనపడినంత దూరం చూసి, కొంగు నెత్తిమీదికి లాక్కుని బస్టాండు వైపు తిరిగింది.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్లకు దండాలు. పుస్తకాలు ఇంటికి ఇవ్వకూడదన్న నియమం ఉండడంతో, సాయంత్రం నా కోసం దీపం ఆర్పకుండా కూర్చున్న గ్రంథాలయం నర్సయ్య సారుకు. కోర్టు మాటలకు తేలిక తెలుగు చెప్పిన గుమాస్తా రాజలింగం బాపుకు. తన జాకెట్టు కథ తానే చెప్పి నవ్వి, తరువాత ఏడ్చిన ముసలి ఎల్లవ్వకు. "కోర్టుల యాది లేదన్న. నీకు మాత్రం జెప్త, అన్నీ యాది ఉన్నయ్" అని ఆ సోదా రోజు తాను చూసినదంతా చెప్పిన హోటల్ యాకయ్యన్నకు. పేరు వద్దన్నా మిగిలినదంతా రాయనిచ్చిన వదినకు.

చివరగా కొమురమ్మ అక్కకు. నెల్లికుదురు వెళ్లి, ఈ కాగితాలు మొత్తం ఆమెకు చదివి వినిపించాను. ఆమె మధ్యలో ఎక్కడా నన్ను ఆపలేదు. అయిపోయాక వాకిలి వైపు చూసింది. "అమ్ముడువోయిండన్నోళ్ల నోట్ల మన్ను వడ. నా తమ్ముడు అమ్ముడువోలే. గా సంగతి నాకు ముందుగాల్నుంచి ఎరుకే, రాయి" అంది. నేను కాగితాలు సర్దుకుని లేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"గాని బిడ్డా, నేను మాఫ్ జేసిన అని మాత్రం రాయకు. చెయ్యలే."